డేటాబేసులు నడిచే వర్చువల్ మెషీన్ల బ్యాకప్

వర్చువల్ మెషీన్ అంటే ఒక భౌతిక సర్వరు మీద సాఫ్ట్‌వేరు సృష్టించే కల్పిత కంప్యూటరు. తనకు సొంత ప్రాసెసరు, మెమరీ, డిస్కు, నెట్‌వర్కు కార్డు ఉన్నాయని లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ అనుకుంటుంది గాని, నిజానికి వాటన్నింటినీ హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేరు పొర అసలు యంత్రం నుంచి పంచిపెడుతుంది. ఈ కల్పిత కంప్యూటరు డిస్కు మొత్తం సాధారణంగా ఆతిథేయ సర్వరులో ఒకటి రెండు పెద్ద ఫైళ్లుగా ఉంటుంది కాబట్టి, ఆ ఫైళ్లకు నకలు తీస్తే కంప్యూటరుకే నకలు తీసినట్టవుతుందన్న భావన తేలిగ్గా కలుగుతుంది. వెబ్ సర్వరు, ఫైల్ సర్వరు వంటి వాటి విషయంలో ఇది చాలావరకు నిజమే. డేటాబేసు నడుస్తున్న మెషీన్ విషయంలో మాత్రం సగమే నిజం. ఎందుకంటే ఏ క్షణంలో చూసినా డేటాబేసు స్థితి కొంత డేటా ఫైళ్లలోను, కొంత మెమరీలోను, కొంత లావాదేవీల లాగ్‌లోను చెదిరి ఉంటుంది. డిస్కును మాత్రమే చూడగల బ్యాకప్ సాఫ్ట్‌వేరుకు ఈ మూడింటి మధ్య సంబంధం తెలియదు. ఆ సంబంధాన్ని దానికి తెలియజెప్పడానికి ఏర్పడిన పద్ధతులు, వాటి పరిమితులు ఈ వ్యాసంలోని విషయం.

నేపథ్యం

వర్చువల్ మెషీన్ భావన పాతదే. ఐబీఎం సంస్థ కేంబ్రిడ్జ్ శాస్త్రీయ కేంద్రంలో 1960లలో సీపీ-40, ఆ తర్వాత సీపీ-67 అనే వ్యవస్థలు రూపొందాయి; వాటి వారసురాలు వీఎం/370 1972లో వెలువడింది. సాధారణ ఎక్స్86 ప్రాసెసర్ల ప్రపంచానికి ఈ పద్ధతిని చేరవేసినది వీఎంవేర్ సంస్థ. 1999లో వర్క్‌స్టేషన్‌ను, 2001లో ఈఎస్ఎక్స్ సర్వరును విడుదల చేసింది. లినక్స్ కెర్నెల్‌లో కేవీఎం 2007లో చేరగా, మైక్రోసాఫ్ట్ వారి హైపర్-వి 2008లో వచ్చింది. తొలినాళ్లలో డేటాబేసు నిర్వాహకులు వర్చువల్ మెషీన్లను అంతగా నమ్మలేదు. అప్పటి డిస్కుల వేగాన్ని బట్టి చూస్తే ఆ అనుమానం సమంజసమే.

మొదట్లో బ్యాకప్ కూడా భౌతిక సర్వర్ల అలవాటు ప్రకారమే జరిగేది: ప్రతి వర్చువల్ మెషీన్ లోపల ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాము ఉండి, రాత్రివేళ ఫైళ్లను ఒక్కొక్కటిగా చదివి బ్యాకప్ సర్వరుకు పంపేది. ఒకే ఆతిథేయ సర్వరు మీద ఇరవై మెషీన్లు ఉండి, ఇరవై ఏజెంట్లూ ఒకే గంటకు మేల్కొంటే ఆ సర్వరుకు ఊపిరాడేది కాదు. 2009లో వచ్చిన వీఎంవేర్ వారి వీస్పియర్ 4 ఈ స్థితిని మార్చింది. మెషీన్ లోపలికి వెళ్లకుండా హైపర్‌వైజర్ స్థాయిలోనే డిస్కును చదివే వీలును, గత బ్యాకప్ తర్వాత డిస్కులో ఏయే భాగాలు మారాయో లెక్క కట్టి ఉంచే సదుపాయాన్ని అది కల్పించింది. రెండు టెరాబైట్ల డిస్కులో నలభై గిగాబైట్లే మారితే ఆ నలభై మాత్రమే చదివితే చాలు. హైపర్-వికి ఇటువంటి సదుపాయం విండోస్ సర్వర్ 2016తో వచ్చింది. కేవీఎంతో కలిసి పనిచేసే క్యూఈఎంయూలో మార్పుల పటాలు ఇదే పని చేస్తాయి.

అయితే మారిన భాగాల లెక్క డేటాబేసుల విషయంలో తరచు నిరాశపరుస్తుంది. రాత్రి నిర్వహణ పనుల్లో భాగంగా ఇండెక్సులను మళ్లీ కట్టే ఏర్పాటు ఉంటే, సమాచారం ఏమీ మారకపోయినా డిస్కులో సగం భాగం మారినట్టే నమోదవుతుంది. డేటాబేసు తన సమాచారాన్నంతా ఎగుమతి చేసే డంప్ ఫైలును అదే వర్చువల్ డిస్కులో రాయించుకొనే చోట కూడా ఇంతే: బ్యాకప్‌కు బ్యాకప్ తీస్తూ నిల్వ స్థలం కరిగిపోతుంది. అటువంటి ఫైళ్లకు వేరే డిస్కు కేటాయించి, దాన్ని మెషీన్ బ్యాకప్ నుంచి మినహాయించడం అనుభవజ్ఞులు చేసే పని.

డేటాబేసు ఎందుకు వేరు

డేటాబేసు ఏ మార్పునైనా ముందు లాగ్‌లో రాసి, అది డిస్కుకు చేరిందని రూఢి చేసుకొన్నాకే లావాదేవీ పూర్తయిందని ప్రకటిస్తుంది. డేటా ఫైళ్లలోని అసలు పేజీలను మాత్రం మెమరీలో మార్చి ఉంచి, తీరిక చూసుకొని తర్వాత రాస్తుంది. వర్తకుడు బేరం జరిగిన వెంటనే చిట్టాలో రాసుకొని, ఆవర్జాలోకి ఖాతాల వారీగా తర్వాత ఎక్కించుకొనే పద్ధతి ఇదే. ఆవర్జా వెనుకబడి ఉన్నా చిట్టా చెక్కుచెదరకుండా ఉంటే లెక్క తిరిగి నిలబడుతుంది. ఈ సూత్రాన్ని సమగ్రంగా వివరించిన ఏరీస్ పద్ధతిని ఐబీఎం అల్మడెన్ పరిశోధన కేంద్రానికి చెందిన సి. మోహన్, ఆయన సహచరులు 1992లో ప్రచురించారు. మద్రాసు ఐఐటీలో చదివిన మోహన్ పేరు డేటాబేసు పాఠ్యగ్రంథాలలో నేటికీ కనిపిస్తుంది. ఏరీస్ ప్రకారం, అర్ధంతరంగా ఆగిన డేటాబేసు మళ్లీ లేచేటప్పుడు ముందు లాగ్‌ను పరిశీలించి, నమోదైన మార్పులను తిరిగి చేసి, పూర్తికాని లావాదేవీలను వెనక్కి తీసివేస్తుంది. నేటి ప్రధాన డేటాబేసుల పునరుద్ధరణ విధానాలు వివరాల్లో ఒకదానికొకటి తేడాగా ఉన్నా, లాగ్ ముందు, డేటా తర్వాత అన్న నియమం అన్నింటికీ సమానమే.

దీన్ని బట్టి, నడుస్తున్న డేటాబేసు ఫైలును మామూలుగా నకలు చేస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. నకలుకు గంట పడితే మొదటి పేజీ ఒంటిగంట నాటిది, చివరి పేజీ రెండు గంటల నాటిది అవుతుంది. ఆ రెండూ కలిసి ఎన్నడూ లేని ఒక స్థితిని చూపుతాయి. అంతకన్నా సూక్ష్మమైన ప్రమాదం చిరిగిన పేజీ. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ 8 కిలోబైట్ల పేజీలతో, మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ మామూలుగా 16 కిలోబైట్ల పేజీలతో పనిచేస్తాయి. డిస్కు మాత్రం అంతకన్నా చిన్న ముక్కలుగా రాస్తుంది. పేజీ సగం రాసిన క్షణంలో నకలు పడితే సగం పాతది, సగం కొత్తది మిగులుతుంది. దీనికి విరుగుడుగా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ప్రతి చెక్‌పాయింట్ (మెమరీలో మారిన పేజీలను డిస్కుకు రాసే ఘట్టం) తర్వాత మొదటిసారి మారే పేజీని లాగ్‌లో పూర్తిగా రాసుకొంటుంది. ఇన్నోడీబీ ప్రతి పేజీని ముందు వేరేచోట రాసి, ఆపైన అసలు చోట రాస్తుంది.

స్నాప్‌షాట్ పనిచేసే తీరు

నకలు తీసేంతసేపు డిస్కు కదలకుండా ఉండాలి, డేటాబేసు మాత్రం ఆగకూడదు. ఈ రెంటినీ కలిపే ఉపాయమే స్నాప్‌షాట్. వీఎంవేర్ పద్ధతిలో అసలు డిస్కు ఫైలును ఉన్నదున్నట్టు నిలిపివేసి, అప్పటినుంచి వచ్చే రాతలను డెల్టా అనే కొత్త ఫైలుకు మళ్లిస్తారు. బ్యాకప్ సాఫ్ట్‌వేరు నిలిచిన ఫైలును నింపాదిగా చదువుకొంటుంది. పని ముగిశాక డెల్టాను అసలులో విలీనం చేస్తారు. క్యూఈఎంయూ బ్యాకప్ దారి వేరు. ఇంకా నకలు కాని భాగం మీద మెషీన్ రాయబోతే, పాత సమాచారాన్ని ముందు బ్యాకప్‌కు పంపి ఆ తర్వాతే రాయనిస్తుంది. బ్యాకప్ నిల్వ నెమ్మదిగా ఉంటే డేటాబేసు రాతలూ నెమ్మదిస్తాయి గనుక, పాత భాగాలను తాత్కాలికంగా వేగవంతమైన స్థానిక డిస్కులో పెట్టుకొనే వీలును, క్యూఈఎంయూ మీద నడిచే ప్రాక్స్‌మాక్స్ అనే వర్చువలైజేషన్ వేదిక 2024లో తన 8.2 వెర్షన్‌లో చేర్చింది.

స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు. అది అసలు డిస్కు మీదే ఆధారపడి ఉంటుంది. అసలు పోతే అదీ పోతుంది. పైగా రద్దీగా ఉండే డేటాబేసు మెషీన్‌కు స్నాప్‌షాట్ పెట్టి మరచిపోతే డెల్టా ఉబ్బి నిల్వను నింపివేస్తుంది. 72 గంటలకు మించి ఒక స్నాప్‌షాట్‌ను ఉంచవద్దని వీఎంవేర్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. స్నాప్‌షాట్ పెట్టేటప్పుడు, ముఖ్యంగా విలీనం చేసేటప్పుడు మెషీన్ కొద్దిసేపు స్తంభిస్తుంది. మామూలు సర్వరులో ఎవరూ గమనించని ఆ విరామం క్లస్టరులో ఉన్న డేటాబేసుకు ముప్పు తేవచ్చు: తోటి సర్వరు నుంచి స్పందన రాకపోయేసరికి అది చనిపోయిందనుకొని రెండవ సర్వరు బాధ్యత స్వీకరిస్తుంది. దీన్నే ఫెయిలోవర్ అంటారు. అర్ధరాత్రి కారణం తెలియకుండా జరిగే ఫెయిలోవర్లకు బ్యాకప్ వేళలను సరిచూడడం మంచి మొదటి అడుగు.

పొందికలో తరగతులు

స్నాప్‌షాట్ ద్వారా వచ్చే నకళ్లను వాటి పొందికను బట్టి వర్గీకరిస్తారు. కరెంటు హఠాత్తుగా పోయిన క్షణంలో డిస్కు ఎలా ఉంటుందో అలా ఉన్న నకలును క్రాష్-కన్సిస్టెంట్ అంటారు. ఫైల్ సిస్టమ్ తన మెమరీలోని రాతలను డిస్కుకు పంపి నిలిచిన తర్వాత తీసినది రెండవ తరగతి. డేటాబేసుకే ముందుగా తెలిపి, దాని సహకారంతో తీసినది అప్లికేషన్-కన్సిస్టెంట్.

బ్యాకప్ సాఫ్ట్‌వేరు అమ్మేవారి ప్రచారంలో మొదటి తరగతికి చెడ్డపేరు ఎక్కువ. ఆ పేరుకు అది పూర్తిగా తగినది కాదు. కరెంటు పోయినా కోలుకోవడానికే లాగ్ ఉన్నప్పుడు, కరెంటు పోయిన స్థితిని పోలిన నకలు నుంచి డేటాబేసు కోలుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అధికారిక గ్రంథం ఈ పద్ధతిని అంగీకరిస్తూ, స్నాప్‌షాట్‌కు ముందు చెక్‌పాయింట్ చేయిస్తే కోలుకొనే సమయం తగ్గుతుందని కూడా చెబుతుంది. ఇందుకు ఒక షరతు ఉంది: డేటా ఒక డిస్కులోను, లాగ్ మరో డిస్కులోను ఉంటే ఆ రెంటి స్నాప్‌షాట్లూ సరిగ్గా ఒకే క్షణానివి కావాలి. లాగ్ నకలు ముందు, డేటా నకలు ఒక సెకను తర్వాత పడితే, లాగ్‌లో లేని మార్పు డేటాలో ప్రత్యక్షమై నియమం తలకిందులవుతుంది. హైపర్‌వైజర్ మెషీన్‌ను మొత్తంగా చూస్తుంది కాబట్టి సాధారణంగా ఈ చిక్కు రాదు; డిస్కులను విడివిడిగా చూసే క్లౌడ్ సేవల్లో వస్తుంది. అమెజాన్ తన క్లౌడ్‌లో ఒక మెషీన్‌కు చెందిన పలు డిస్కులకు ఒకేసారి స్నాప్‌షాట్ తీసే వీలును 2019లో గాని కల్పించలేదు. మైఎస్‌క్యూఎల్‌లో పాత మైఐశామ్ పట్టికలకు అసలు ఇటువంటి లాగ్ లేదు. వాటికి క్రాష్-కన్సిస్టెంట్ నకలును నమ్ముకోరాదు.

అప్లికేషన్-కన్సిస్టెంట్ నకలుకు విండోస్‌లో వాల్యూమ్ షాడో కాపీ సర్వీస్ అనే మధ్యవర్తి ఉంది; క్లుప్తంగా వీఎస్ఎస్. విండోస్ సర్వర్ 2003 కాలం నుంచి వాడుకలో ఉన్న ఈ ఏర్పాటులో బ్యాకప్ సాఫ్ట్‌వేరు కోరిక పెడుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ వంటి అప్లికేషన్ తరఫున రైటర్ అనే భాగం డేటాబేసు రాతలను నిలుపుతుంది. ప్రొవైడర్ అనే మూడవ భాగం నకలును సృష్టిస్తుంది. రైటర్ నిలిపి ఉంచగల గడువు 60 సెకన్లు, ఫైల్ సిస్టమ్ రాతలు ఆపి ఉంచే గడువు 10 సెకన్లు. ఒకే సర్వరులో వందలాది డేటాబేసులు ఉన్నా, డిస్కు నెమ్మదిగా ఉన్నా ఈ గడువు దాటి ప్రయత్నం విఫలం కావచ్చు. అప్పుడు కొన్ని బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు అమరికను బట్టి ఒక చిన్న హెచ్చరికతో క్రాష్-కన్సిస్టెంట్ నకలుకు దిగిపోతాయి. నివేదికలో పచ్చ గుర్తే కనిపిస్తుంది కాబట్టి ఆ హెచ్చరికను చదివేవారు అరుదు.

లినక్స్‌లో ఇలాంటి ఉమ్మడి మధ్యవర్తి లేదు. మెషీన్ లోపలి గెస్ట్ ఏజెంట్ ఫైల్ సిస్టమ్‌ను నిలుపుతుంది. దానికి ముందు, వెనుక నడిచేలా నిర్వాహకుడు సొంత స్క్రిప్టులు రాసుకోవాలి. పైకి కనిపించినంత సులువైన పని కాదిది. మైఎస్‌క్యూఎల్‌లో పట్టికలన్నింటికీ రీడ్ లాక్ వేసే ఆదేశం, దాన్ని ఇచ్చిన కనెక్షన్ మూసుకోగానే చెల్లదు. స్క్రిప్టు ఆదేశమిచ్చి ముగిసిపోతే స్నాప్‌షాట్ పడే సమయానికి లాక్ ఉండదు. మరోవైపు, ఆ సమయానికి అరగంట పట్టే రిపోర్టు క్వెరీ ఒకటి నడుస్తుంటే లాక్ దాని కోసం వేచి ఉంటుంది, కొత్త రాతలన్నీ లాక్ వెనుక బారులు తీరతాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో బ్యాకప్ ఆరంభించిన కనెక్షనే చివరిదాకా తెరిచి ఉండి ముగింపు పలకాలి. కనెక్షన్ మూసినా చెల్లుబాటయ్యే పాత పద్ధతిని 2022 నాటి 15వ వెర్షన్‌లో తొలగించి, ఆ ఫంక్షన్ల పేర్లు కూడా మార్చారు. అందువల్ల ఏళ్ల తరబడి నడిచిన స్క్రిప్టులు వెర్షన్ మారిన రాత్రే ఆగిపోయాయి.

లాగ్ బ్యాకప్, రెండు చేతుల గొడవ

మెషీన్ బ్యాకప్ రోజుకొకసారి తీస్తే, ప్రమాదం జరిగినప్పుడు గరిష్ఠంగా ఒక రోజు సమాచారం పోతుంది. ఎంత కాలపు సమాచారాన్ని పోగొట్టుకోవడానికి సంస్థ సిద్ధమో తెలిపే కొలతను ఆర్‌పీఓ అని, ఎంతసేపట్లో తిరిగి నిలబడాలో తెలిపే కొలతను ఆర్‌టీఓ అని వ్యవహరిస్తారు. బ్యాంకు, ఆసుపత్రి, టికెట్ల అమ్మకం వంటి చోట్ల ఒక రోజు ఆర్‌పీఓ ఒప్పుకోదగినది కాదు. మధ్యాహ్నం 3 గంటల 10 నిమిషాలకు ఎవరో షరతు రాయడం మరచి పట్టిక మొత్తం చెరిపివేశారనుకొంటే, డేటాబేసు లాగ్‌ను పావుగంటకొకసారి వేరేచోట భద్రపరిచిన సంస్థ 3 గంటల 9 నిమిషాల స్థితికి వెళ్లగలదు. మెషీన్ ప్రతిబింబం మాత్రమే ఉన్న సంస్థ నిన్న రాత్రికి వెళ్లాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు ఈ శక్తి 2005లో 8.0 వెర్షన్‌తో వచ్చింది. నేడు పీజీబ్యాక్‌రెస్ట్, బార్‌మన్ వంటి సాధనాలు దాన్ని నిర్వహిస్తాయి. ఒరాకిల్‌కు ఆర్‌మ్యాన్, మైఎస్‌క్యూఎల్‌కు పెర్కోనా వారి ఎక్స్‌ట్రాబ్యాకప్ ప్రసిద్ధం. రెప్లికా అనే జంట సర్వరు ఈ పని చేయదు. చెరిపివేత క్షణాల్లో దానికీ చేరుతుంది.

వర్చువల్ మెషీన్లను ఒక బృందం, డేటాబేసులను మరో బృందం చూసుకొనే సంస్థల్లో అసలైన ప్రమాదం ఇక్కడే పొంచి ఉంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డిఫరెన్షియల్ బ్యాకప్ అనేది చివరి పూర్తి బ్యాకప్ తర్వాతి మార్పులను మాత్రమే నమోదు చేస్తుంది. ఆదివారం డేటాబేసు బృందం పూర్తి బ్యాకప్ తీసి, సోమవారం రాత్రి మెషీన్ బ్యాకప్ వీఎస్ఎస్ ద్వారా మరో పూర్తి బ్యాకప్‌గా నమోదైతే, మంగళవారపు డిఫరెన్షియల్‌కు ఆధారం సోమవారపు ప్రతిబింబం అవుతుంది. ఆదివారపు ఫైలు మీద దాన్ని రీస్టోర్ చేయబోతే సర్వరు నిరాకరిస్తుంది. మెషీన్ బ్యాకప్‌ను కాపీ-ఓన్లీ పద్ధతికి మార్చితే ఈ చిక్కు తీరుతుంది. ఆ ఒక్క అమరిక గురించి ఇరు బృందాలూ మాట్లాడుకోని సంస్థలు తక్కువేమీ కాదు. లాగ్ బ్యాకప్‌ను ఇద్దరూ తీస్తుంటే గొలుసు రెండు చోట్ల ముక్కలవుతుంది. ఎవరూ తీయకపోతే, పూర్తి రికవరీ నమూనాలో ఉన్న డేటాబేసు లాగ్ ఫైలు పెరిగి పెరిగి డిస్కును నింపి సర్వరును ఆపుతుంది.

స్నాప్‌షాట్‌కు లొంగని మెషీన్లూ ఉన్నాయి. పలు సర్వర్లు ఒకే డిస్కును పంచుకొనే ఒరాకిల్ ఆర్‌ఏసీ వంటి క్లస్టర్లకు, నిల్వ పరికరాన్ని నేరుగా అతికించిన డిస్కులకు హైపర్‌వైజర్ స్నాప్‌షాట్ పనికిరాదు. అక్కడ డేటాబేసు సొంత సాధనమే గతి. కాలంలో వెనక్కి వెళ్లడమే తప్పైన వ్యవస్థలు మరొక రకం. విండోస్ నెట్‌వర్కులో ఖాతాలను నిర్వహించే యాక్టివ్ డైరెక్టరీ సర్వర్లలో ఒకదాన్ని పాత స్నాప్‌షాట్‌కు తిప్పితే, అది వాడిన వరుస సంఖ్యలనే మళ్లీ వాడడంతో మిగతా సర్వర్లు దాని మార్పులను పట్టించుకోవు. ఇందుకే విండోస్ సర్వర్ 2012 నుంచి, మెషీన్ వెనక్కి వెళ్లిన సంగతిని హైపర్‌వైజర్ ఒక గుర్తింపు సంఖ్య ద్వారా లోపలికి తెలిపే ఏర్పాటు వచ్చింది.

కొన్ని వైఫల్యాలు

ఈ రంగంలో ఎక్కువగా చర్చకు వచ్చిన ఉదంతం 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగింది. రెప్లికా సర్వరును సరిచేసే ప్రయత్నంలో ఒక ఇంజనీరు పొరపాటున ప్రధాన సర్వరులోని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటా డైరెక్టరీని చెరిపివేశారు. రోజువారీ డంప్‌ల కోసం వెదికితే అవి లేవు: డేటాబేసు 9.6 వెర్షన్‌లో ఉండగా డంప్ సాధనం 9.2 వెర్షన్‌ది కావడంతో ప్రతిసారీ విఫలమవుతూ వచ్చింది. ఆ సంగతి తెలిపే ఈ-మెయిళ్లను ప్రామాణీకరణ లోపం వల్ల అందుకోవలసిన సర్వరు తిరస్కరించింది. క్లౌడ్‌లోని డిస్కు స్నాప్‌షాట్లను డేటాబేసు సర్వర్లకు వర్తింపజేయలేదు. చివరకు, పరీక్షల కోసం సుమారు ఆరు గంటల ముందు చేత్తో తీసిన ఒక ఎల్‌వీఎం (లినక్స్‌లోని డిస్కు నిర్వహణ పొర) స్నాప్‌షాట్ ఆదుకొంది. సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాల సమాచారం దెబ్బతిన్నట్టు సంస్థ అంచనా వేసి, జరిగినదంతా దాపరికం లేకుండా ప్రచురించింది. పాఠ్యగ్రంథాల్లో దొరకని వివరాలు ఆ నివేదికలో ఉన్నాయి.

స్థలం పోయినప్పటి కథ వేరు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటరు భవనం ఒకటి దగ్ధమైనప్పుడు, బ్యాకప్‌ను కూడా అదే ప్రాంగణంలో ఉంచుకొన్న ఖాతాదారులు రెంటినీ కోల్పోయారు. 2024 మే నెలలో ఆస్ట్రేలియా పింఛను నిధి యూనిసూపర్‌కు చెందిన వీఎంవేర్ ప్రైవేట్ క్లౌడ్‌ను గూగుల్ క్లౌడ్ ఒక అమరిక లోపం వల్ల తొలగించింది; మరో సంస్థ వద్ద కూడా బ్యాకప్ ఉండడం పునరుద్ధరణకు తోడ్పడింది. 2023 ఫిబ్రవరిలో ఈఎస్ఎక్స్ఐఆర్గ్స్ అనే దాడి, భద్రతా సవరణలు వేయని హైపర్‌వైజర్లలోకి చొరబడి వర్చువల్ మెషీన్ల ఫైళ్లను గుప్తీకరించింది. అటువంటి దాడిలో హైపర్‌వైజర్ పాస్‌వర్డుతోనే తెరుచుకొనే బ్యాకప్ నిల్వ కూడా పోతుంది. మూడు ప్రతులు, రెండు రకాల నిల్వ, ఒకటి బయటి చోట అనే 3-2-1 సూత్రం ఈ సందర్భాలన్నింటికీ వర్తిస్తుంది; దాన్ని ప్రాచుర్యంలోకి తెచ్చినవాడు పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ కావడం విశేషం. దానికి నేడు, నిర్ణీత గడువు వరకు ఎవరూ మార్చలేని, చెరపలేని ప్రతి ఒకటి ఉండాలన్న నియమం తోడైంది. డేటాబేసును గుప్తీకరించి ఉంచే సంస్థలు ఆ తాళపుచెవిని, సర్టిఫికెట్‌ను విడిగా భద్రపరచాలి. అవి లేని బ్యాకప్ ఎక్కడా తెరుచుకోదు.

రీస్టోర్ పరీక్ష

బ్యాకప్ సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి, నకలును ఏకాంత నెట్‌వర్కులో లేపి మెషీన్ బూట్ అయిందో లేదో చూసే సదుపాయం ఉంది. ఏకాంతం తప్పనిసరి, అసలు నెట్‌వర్కులో లేపితే అదే ఐపీ చిరునామాతో రెండు సర్వర్లు తలపడడమే గాక, లోపలి షెడ్యూలు పనులు మేల్కొని ఖాతాదారులకు పాత ఎస్సెమ్మెస్‌లు మళ్లీ పంపవచ్చు. బూట్ అయినంత మాత్రాన డేటాబేసు బాగున్నట్టు కాదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో బ్యాకప్ ఫైలును తనిఖీ చేసే వెరిఫైఓన్లీ ఆదేశం లోపలి నిర్మాణాన్ని పరీక్షించదు. రీస్టోర్ చేసి చెక్‌డీబీ నడపాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో 2021 నుంచి పీజీ_యామ్‌చెక్ ఆ పని చేస్తుంది. పట్టికల్లో చివరి వరుస ఏ సమయానిదో చూసి, ప్రకటించిన ఆర్‌పీఓతో పోల్చడం ఈ పరీక్షలన్నింటిలో చౌకైనది.

మెషీన్ ప్రతిబింబం, డేటాబేసు సొంత బ్యాకప్ ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలుగా చర్చకు వస్తుంటాయి గాని, మొదటిది సర్వరును త్వరగా నిలబెట్టడానికి, రెండవది కోరిన నిమిషానికి సమాచారాన్ని తేవడానికి ఉద్దేశించినవి. రెంటికీ స్థోమత లేని చిన్న సంస్థ ఒక్కదాన్నే ఎంచుకోవలసి వస్తే రెండవదాన్నే ఎంచుకోవాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికి ఒక పూట చాలు.